గేటు దాటితే మనది కాదు

మొన్న మా ఊరి ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు పిల్లలకి ఏదో శిక్షణ పెట్టారు. రిటైరైనవాళ్ళం ఒకరిద్దరిని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక పిల్ల లేచి, "అమ్మమ్మా, మంచి ఆసుపత్రి అంటే ఏంది? నీ సర్వీసులో నువ్వు చూసింది చెప్పు" అంది. మైకు నా చేతికిచ్చారు. శుభ్రంగా ఉండాలి, ప్రేమగా పలకరించాలి అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చాక నా మీద నాకే చిరాకేసింది. అది జవాబు కాదు. శుభ్రం నా చేతిపని, దాని సంగతి నాకు తెలుసు. అద్దంలా మెరిసే నేల మీద కూడా మనుషులు చస్తారు. ఇక ప్రేమ అంటారా, చేతులు పట్టుకుని ప్రేమగా పలకరించి మరీ సాగనంపేయొచ్చు. అట్లా సాగనంపిన ఆసుపత్రిలోనే నేను పనిచేశాను. అసలు జవాబు మైకులో చెప్పే రకం కాదు కాబట్టి రాస్తున్నాను. ఆ పిల్ల చదువుతుందో లేదో ఆమె ఇష్టం.

నేను ప్రసూతి వార్డులో ఆయాగా చేశాను. ఊరి పేరు రాయను. గుంటూరుకి దూరంగా, నల్లమల వైపు ఉన్న పల్నాడు ఊరు అనుకోండి, చాలు. వెల్దుర్తి వైపు తండాల నుంచి, దుర్గి చుట్టుపక్కల పల్లెల నుంచి కాన్పులకు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. నీళ్ళు కాచడం, కాన్పు తర్వాత నేల కడగడం, బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టి అమ్మమ్మ చేతికో నాయనమ్మ చేతికో ఇవ్వడం, మంచాల మీద దుప్పట్లు మార్చడం నా పనులు. ఉద్యోగంలో చేరేనాటికి నాకు సంతకం కూడా రాదు. అక్షరాలు నేర్పింది మా హెడ్ సిస్టరు. మధ్యాహ్నం ఓపీ అయిపోయి వార్డు సద్దుమణిగాక సెలైన్ పెట్టెల అట్టలు చింపి వాటి వెనక దిద్దించేది. అక్షరం తిరగబడితే, "ఏమే, బిడ్డ తల పైకుంటే ఎట్టా వచ్చిద్దే బయటికి? తిరగేసి రాయి" అనేది. నోరు కారం. మనసులో ఏముందో ఆమె చెప్పేది కాదు, మేం అడిగేవాళ్ళం కాదు.

మా వార్డులో ఒక ఆచారం ఉండేది. ఏ ఆఫీసరూ పెట్టిన రూలు కాదు గనుక ఆచారమనే అంటున్నాను. కాన్పుకు వచ్చిన మనిషికి బీపీ పెరిగినా, బిడ్డ అడ్డం తిరిగినా, రక్తం కాస్త ఎక్కువ పోయినా, ఒక సెలైన్ తగిలించి, చీటీ రాసి, అంబులెన్సు ఎక్కించేవాళ్ళు. గుంటూరు పెద్దాసుపత్రికి. దీన్నే పల్లెల్లో 'గుంటూరు రాశారు' అంటారు. ఫలానా వాళ్ళ కోడలికి గుంటూరు రాశారంట అంటే, వింటున్న ఆడవాళ్ళు వక్క నమలడం ఆపేసేవాళ్ళు. పందెంలో ఓడిన పిల్లకాయను తోటి పిల్లలు "నీకు గుంటూరు రాశార్రోయ్" అని ఏడిపించడం నా చెవులతో విన్నాను.

పంపడం తప్పని నేననడం లేదు. కొన్ని మన చేతిలో పని కావు. ముందే కనిపెట్టి, అవతలికి ఫోను చేసి, తోడు మనిషినిచ్చి పంపినవాళ్ళు తల్లీబిడ్డా తిరిగివచ్చి మాకు స్వీట్లు పెట్టిన రోజులూ ఉన్నాయి. కానీ మా దగ్గర ఎక్కువగా జరిగేది అది కాదు. మనిషి బతుకుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు మన గేటు దాటాలి. హెడ్ సిస్టరు బండి వెనక తలుపు వేయిస్తూ, "గేటు దాటితే మనది కాదు" అనేది. వాచ్‌మన్‌కి కూడా ఆ మాట తెలుసు, గేటు ముందే బార్లా తీసి ఉంచేవాడు.

బండి మలుపు తిరిగే లోపల నేను దుప్పటి మార్చేదాన్ని. అదీ హెడ్ సిస్టరు నేర్పిందే. "మనిషి లేచెళ్ళిన మంచం ముడతలతో కనపడితే తర్వాత వచ్చినోళ్ళకి భయమేసిద్ది. అసలు ఎవరూ పడుకోనట్టే ఉండాల" అనేది. మూలలు మడిచి పరుపు కిందికి తోసి, అరచేత్తో ఒక్కసారి రాసేదాన్ని. అంతే, ఆ మంచం మీద ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు.

దారిలో పోయినవాళ్ళు ఎవరి లెక్కలోకీ రారు. మేము ప్రాణంతో పంపాం. అవతలివాళ్ళకు ప్రాణం లేకుండా అందింది. మధ్యలో రోడ్డు ఉంది. రోడ్డును ఎవరు నిలదీస్తారు?

వీళ్ళంతా చెడ్డవాళ్ళని అనుకోవద్దు. చాలా ఏళ్ళ కిందట మా దగ్గర ఒక బాలింత పోతే చుట్టాలు ట్రాక్టరులో వచ్చి అప్పటి డాక్టరును ఆవరణలో తరిమి తరిమి కొట్టారు. ఆయన చెప్పులు వాటర్ ట్యాంకు దగ్గర రెండు రోజులు అట్లాగే పడి ఉన్నాయి. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అప్పటినుంచి పట్టుకుంది ఈ భయం. భయం కాస్తా అలవాటైంది. అలవాటు ముదిరి పద్ధతి అయింది.

దాంతో ఇంకొకటి జరిగింది. అందరినీ పంపేయడం మొదలుపెట్టాక ఏదీ దగ్గర ఉంచుకోవాల్సిన పని లేకపోయింది. మత్తు డాక్టరు బదిలీ అయిపోతే మళ్ళీ కావాలని గట్టిగా అడిగినవాళ్ళు లేరు. రక్తం దాచే ఫ్రిజ్జు ఒకటి వచ్చింది. తలుపు మీద అంటించిన కాగితం కూడా పీకకుండా ఒక గదిలో పెట్టి తాళం వేశారు. నేను వారానికోసారి దాని మీద దుమ్ము తుడిచేదాన్ని. లోపల రక్తం ఎందుకు పెట్టరని ఒకసారి హెడ్ సిస్టరును అడిగాను. "పెడితే వాడాల. వాడితే మనిషిని ఉంచుకోవాల. ఉంచుకుంటే, ఏమన్నా అయితే?" అంది. ఏమీ లేదు కాబట్టి పంపుతాం, పంపుతాం కాబట్టి ఏమీ ఉండదు. గానుగెద్దు తిరిగినట్టు తిరిగాం అందరం. గానుగెద్దు తిరిగితే నూనైనా వస్తుంది.

ఆ రోజుల్లో వచ్చింది ఒక డాక్టరమ్మ. చిన్న వయసు, సన్నగా పొడుగ్గా ఉండేది. కృష్ణ అవతలి ఒడ్డు పిల్ల. మాటలో ఆ యాస. హెడ్ సిస్టరు ఆట పట్టించేది: "ఏందమ్మా, నొప్పులొస్తన్నాయా అని అడగకుండా గట్ల ఐతాందా, గిట్ల ఐతాందా అంటావు. మా వాళ్ళకి నొప్పులు కాస్తా నవ్వులైతన్నాయి." డాక్టరమ్మ కూడా నవ్వి, "నవ్వితే జల్దీ అయితది సిస్టర్" అనేది.

మొదట్లో ఆమె కూడా చీటీలు రాసింది. కొత్త కదా, అందరూ చేసేదే చేసింది. ఒకసారి మాత్రం తను రాసిన మనిషి వెంట తనే బండెక్కింది. ఎందుకెక్కావని పెద్ద డాక్టరు కోప్పడ్డాడు కూడా. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చి చేతులు కడుక్కునే సింకు దగ్గర నిలబడి ఎంతసేపటికీ కదలదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను.

"ఏందమ్మా?"

"దార్లోనే పోయింది, ఆయమ్మా. నాదిక్కే చూసుకుంట పోయింది. డ్రైవరు బండి ఆపమంటవా, పోనియ్యమంటవా అని అడిగిండు. నాకేం చెప్పాల్నో తెలువలే."

హెడ్ సిస్టరు పక్కనే ఉంది. "అందుకే బండెక్కొద్దంది. ఎక్కితే చూడాల్సొస్తది" అంది. కసురుకున్నట్టే అంది గానీ టీ మాత్రం తనే తెప్పించింది.

ఆ తర్వాత డాక్టరమ్మ పద్ధతి మారింది. పంపాల్సినవాళ్ళని పొద్దున్నే, నొప్పులు ముదరకముందే పంపేది. ముందు ఫోను చేసి అవతల మంచం ఉందని తేల్చుకున్నాకే బండి కదలనిచ్చేది. మిగిలినవాళ్ళని ఉంచుకునేది. రక్తం కావాలని, మత్తు డాక్టరు కావాలని పెద్ద డాక్టరు గది చుట్టూ తిరిగేది. ఆయన మంచివాడే, గట్టిగా మాట్లాడే రకం కాదు. "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఆ మాట మా ఆసుపత్రిలో ఏ మందు కంటే ఎక్కువ వాడుకలో ఉండేది.

ఇక ఆ రోజు సంగతి.

మిర్చి సీజను. ఊళ్ళో గాలి పీలిస్తే తుమ్ములు. ఆ వారమే పై నుంచి టీము వస్తుందని కబురు. తల్లుల చావులు లేని ఆసుపత్రని మాకేదో మెచ్చుకోలు పత్రం ఇవ్వడానికి ముందు చూసిపోతారట. గోడలకు సున్నం వేశారు. ఫ్రిజ్జు గది తాళం తీసి, ఫ్రిజ్జుకి బొట్టు పెట్టి, గుమ్మానికి కొత్త అద్దం తలుపు బిగించారు. నేను అన్ని మంచాలకూ కొత్త దుప్పట్లు వేశాను.

మధ్యాహ్నం ఒక పిల్లను ఆటోలో తీసుకొచ్చారు. వెల్దుర్తి అవతలి పల్లె. తొలి కాన్పు. పొద్దుటి దాకా మిరపకాయలు ఏరుతూనే ఉందట, వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెంట అత్త, మొగుడు. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి తెల్లటి దుప్పట్లు చూసి, "అత్తా, దీని మీద పడుకుంటే మాపైపోద్దేమో" అంది. అత్త, "నీకెందుకే? ఉతికేది నువ్వు కాదుగా" అంది. నేను, "ఉతికేది నేనేలే, పడుకో తల్లీ" అన్నాను. ముగ్గురం నవ్వాం.

కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. నేను తుడిచి, గుడ్డలో చుట్టి బయట అత్త చేతుల్లో పెట్టి వచ్చేసరికి లోపల మంచం కింద పెట్టిన బేసిను నిండుతోంది.

గర్భసంచి బిగుసుకోవడం లేదు. ఉన్న ఇంజెక్షన్లన్నీ చేశారు. డాక్టరమ్మ ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి రెంటి మధ్యా బిగించి పట్టుకుంది. అట్లా పట్టుకున్నంతసేపూ రక్తం తగ్గుతుంది. వదిలితే మళ్ళీ వస్తుంది. నేను ఆ పిల్ల కాళ్ళు ఎత్తి పట్టుకున్నాను.

హెడ్ సిస్టరు చీటీల పుస్తకం తీసింది. "అమ్మా, రాసెయ్. బండి గేటు దగ్గరే ఉంది."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. పెద్ద డాక్టరుకు కబురెళ్ళింది. ఆయన గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండానే మాట్లాడాడు.

"ఏంటమ్మా ఆలస్యం? పంపించెయ్."

"చెయ్యి తీస్తే పోతది సార్."

"బండిలో కూడా పట్టుకునే వెళ్ళు. నువ్వే వెళ్ళు."

"గీ రోడ్డు మీద, ట్రాక్టర్ల నడుమ, ఊగే బండిల నా చెయ్యి నిలవదు సార్. నేనొకసారి పోయొచ్చిన. నరసరావుపేటల మా దోస్తుకు ఫోన్ చేయించిన. రక్తం కారులో పెట్టి పంపిస్తుండు. మన దగ్గర ఫ్రిజ్జుల ఒక్క సీసా ఉన్నా ఇప్పుడు..."

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? ఎల్లుండి టీము వస్తుంది. నీకు తెలుసు కదా, ఇక్కడేమన్నా అయితే..."

"తెలుసు సార్. ఈమె నా పేషెంటు. చీటీ రాయ."

ఆయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "నేను రాయమన్నాను. అందరూ విన్నారు" అని వెళ్ళిపోయాడు. ఆయన్ని తిట్టుకోను. వాటర్ ట్యాంకు దగ్గర పడి ఉన్న ఆ చెప్పుల గురించి ఆలోచిస్తూ ఉండి ఉంటాడు.

నొక్కి పట్టుకుని పట్టుకుని డాక్టరమ్మ భుజాలు పీకడం మొదలుపెట్టాయి. అప్పుడు హెడ్ సిస్టరు చీటీల పుస్తకం కిటికీలో పడేసింది. గాజులు పైకి లాక్కుని గ్లౌజులు తొడుక్కుంది.

"జరుగమ్మా. నాకు చూపించు ఎట్టా పట్టుకోవాల్నో. నీ చేతులు మనిషి చేతులే గదా, ఇనపవా?"

నా సర్వీసు మొత్తంలో ఆమె నోటి నుంచి 'చూపించు' అనే మాట అదొక్కసారే విన్నాను. వాళ్ళిద్దరూ మార్చి మార్చి పట్టుకున్నారు. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు గోడకు ఆనుకుని చేతులు విదిలించుకునేవాళ్ళు. తలుపు సందులోంచి అత్త చూస్తూనే ఉంది, ఒళ్ళో పసిబిడ్డతో. ఎవరూ ఆమెను పొమ్మనలేదు.

ఆ పిల్లకు తెలివి ఉంది. పెదాలు సున్నం రంగుకు తిరిగాయి. నావైపు చూసింది. "అమ్మా."

"ఏంది తల్లీ?"

"నాకు గుంటూరు రాశారా?"

"లేదమ్మా. రాయలా. ఇక్కడే ఉంటావు."

"రాయలేదా?" అంది మళ్ళీ. మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. గుంటూరు రాయలేదంటే బతికినట్టే కదా పల్లెల్లో లెక్క. "మా అత్తకి చెప్పు. భయపడతా ఉంటది" అంది.

నేను తల తిప్పి తలుపు సందులోకి, "రాయలేదంట అని చెప్పమంటందమ్మా" అన్నాను. అత్త పసిదాన్ని గుండెకు అదుముకుని తల ఊపింది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఆ పిల్ల అర్థం చేసుకున్నది నిజం కాదు. ఆ రెంటి మధ్యా ఇన్నేళ్ళుగా నలుగుతూనే ఉన్నాను.

నరసరావుపేట నుంచి రక్తం తెచ్చే కారు బయల్దేరింది. నడికుడి దాటిందని ఫోను వచ్చింది. ఆ తర్వాత టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నింపుకున్న ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగిపోయాయని వచ్చింది. ఆ డ్రైవరు కుర్రాడు కారు దిగి, రక్తం పెట్టె భుజాన వేసుకుని ట్రాక్టర్ల మధ్య పరిగెత్తి, ఎవరిదో మోటారు సైకిలు ఆపి ఎక్కాడట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అతను మా గేటులోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అప్పటికే హెడ్ సిస్టరు, "చాల్లేమ్మా, ఇక తియ్యి" అంటోంది. డాక్టరమ్మ తీయదు. "తియ్యి తల్లీ. పిల్ల పోయింది. చెయ్యి తియ్యి." హెడ్ సిస్టరే ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా బయటికి లాగింది.

మా ఆసుపత్రిలో, మా మంచం మీద, మా కొత్త దుప్పటి మీద మనిషి పోయింది. చాలా ఏళ్ళ తర్వాత.

మొగుడు ముందే పల్లెకు ఫోను చేసినట్టున్నాడు. చీకటి పడకముందే జనం దిగారు. మొదట పగిలింది ఫ్రిజ్జు గది అద్దం తలుపు. "గుంటూరు రాస్తే బతికేదిరా! రాయకుండా చంపారు!" అని ఒకడు అరిచాడు. ఇన్నాళ్ళూ రాయడమే చావని భయపడ్డ ఊరు, ఆ రోజు రాయకపోవడమే చావంది. పెద్ద డాక్టరు గది తలుపు లోపలి నుంచి గడియ పడింది. వాచ్‌మన్ డాక్టరమ్మను వెనక దారిన పొమ్మన్నాడు. ఆమె పోలేదు. చేతులు కడుక్కుని, ఏప్రను మార్చుకోకుండానే వరండాలోకి వచ్చి నిలబడింది.

"ఆమె నా పేషెంటు. నేనే ఉంచుకున్న. బతికించలేకపోయిన" అంది. యాస, ఏడుపు కలిసిపోయాయి గానీ అందరికీ అర్థమైంది.

మొగుడు ముందుకొచ్చి చెయ్యెత్తాడు. నేను అడ్డం వెళ్ళాలనుకున్నాను. నాకంటే ముందు అత్త వెళ్ళింది, పసిదాన్ని ఎత్తుకునే.

"ఒరేయ్, దించరా చెయ్యి."

"అమ్మా, నువ్వు లోపలికి పో!"

"యాడికి పోయేది? నేను లోపల్నించేగా వస్తంది. మద్దేనం నుంచి తలుపు సందులోంచి చూస్తానే ఉన్నా. ఈ పిల్ల చెయ్యి తియ్యలా. ఆ పెద్ద నర్సమ్మ తియ్యలా. మన ఊళ్ళో గుంటూరు రాసినోళ్ళు ఎంతమంది పోయారు? దార్లో బండి చూరుకేసి చూసుకుంటా పోయారు. ఒక్కళ్ళన్నా దగ్గిరున్నారా? నా కోడలు మంచం మీద పోయిందిరా. మనుషుల మధ్యన పోయింది."

అతను అక్కడే నేల మీద చతికిలపడ్డాడు. మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అద్దం పెంకులు తొక్కుకుంటూ ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

కథైతే ఇక్కడ ఆగేది. ఉద్యోగం కదా, ఆగదు. ఎంక్వయిరీ జరిగింది. పై నుంచి వచ్చినవాళ్ళు అందరినీ ఒకే ప్రశ్న అడిగారు: ఎందుకు రిఫర్ చెయ్యలేదు? నన్నూ పిలిచారు. పెద్ద డాక్టరు రాయమన్నారా లేదా అన్నారు. అన్నారని చెప్పాను, అది నిజమే కాబట్టి. "ఫ్రిజ్జులో రక్తం ఎందుకు లేదో అడగరా సార్?" అన్నాను. "అడిగినదానికే చెప్పమ్మా" అన్నారు. మత్తు డాక్టరు ఎందుకు లేడని ఎవరూ అడగలేదు. అత్త మాత్రం ఒకరోజు పనిమాలా బస్సెక్కి వచ్చి తను చూసింది చెప్పిపోయింది. అది ఎవరైనా రాసుకున్నారో లేదో తెలియదు.

డాక్టరమ్మను ఎక్కడో మూలకు వేశారు. వెళ్ళే రోజు మా వార్డుకు వచ్చి మంచాల మధ్య ఒకసారి నడిచింది. "ఆయమ్మా, మళ్ళ గట్లాంటి మనిషొస్తే నేను ఉంచుకుంటనో, రాస్తనో నాకే తెలుస్తలేదు" అంది. నాకు అన్నిటికంటే భయమేసింది ఆ మాటకే. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసిందని విన్నాను.

తర్వాత వచ్చినవాళ్ళు మా పాత ఆచారాన్ని ఇంకా నున్నగా చేశారు. చీటీలు ముందే అచ్చేయించారు, పేరు రాస్తే చాలు. మరుసటి ఏడాది చావులు లేని ఆసుపత్రని మాకు బోర్డు వచ్చింది. గేటు పైన పెట్టారు. బండి దాని కిందనుంచే గుంటూరు పోతుంది. దాన్ని కూడబలుక్కుని చదివినప్పుడు అక్షరాలు ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది.

మా నాన్న దుర్గిలో రాళ్ళు చెక్కేవాడు. పగులున్న రాయిని పక్కవాడి పాకలోకి దొర్లిస్తే పగులు పూడదనేవాడు. నర్సు పిల్లలూ, నేను మైకులో చెప్పాల్సింది అదే. ఈ మనిషి నాది అనేవాళ్ళు ఒకరుండాలి. అట్లా అన్నవాళ్ళ చేతికి రక్తమో, మందో, ఇంకో మనిషో అందేట్టు ముందే చూసుకుని ఉండాలి. అది లేకుండా ఒట్టి ధైర్యం ఉంటే ఏమవుతుందో ఆ రోజు చూశాం కదా. అన్నీ ఉన్నా పోయేవాళ్ళు పోతారు. పోయారని చెప్పినవాళ్ళను కొట్టకుండా, మూలకు వెయ్యకుండా, ఎందుకు పోయారో కూర్చుని మాట్లాడుకునే చోటు మంచి ఆసుపత్రి. అట్లాంటిది నేను చూశానా అంటే, ఒక మధ్యాహ్నం సగం చూశాను.

హెడ్ సిస్టరు రిటైరై నరసరావుపేటలో చెల్లెలి దగ్గర ఉంటోంది. పోయినసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల ప్రస్తావన తనే తెచ్చింది.

"ఏమే, నాకు కళ్ళు మూస్తే ఆ పిల్లొక్కతే కనపడద్ది. వేళ్ళకి మిరపకాయల ఎరుపు. అంతమందిని పంపించానా, మిగతావాళ్ళ మొహాలు ఒక్కటన్నా గుర్తులేదు."

"ఎందుకంటావు సిస్టరమ్మా?"

"గేటు దాటారుగా" అంది.

ఈ మధ్య ఒకరోజు నాకే గుండెల్లో పట్టేసినట్టయి మా ఆసుపత్రికే వెళ్ళాను. కుర్ర డాక్టరు నా మొహం వైపు కాకుండా కంప్యూటరు వైపే చూస్తూ గుంటూరు రాశాడు. తోడు ఎవరూ రాలేదు. అవతలికి ఫోను చేశారా అని అడిగితే, "వాళ్ళు చూసుకుంటారులే మామ్మా" అన్నాడు. నాకు ఆయువుంది, గుంటూరులో గ్యాసని తేల్చి తిప్పి పంపారు. కానీ ఆ రోజు నన్ను స్ట్రెచరు మీద బండి వైపు తోస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. వార్డులో ఇప్పుడున్న ఆయా అప్పటికే నా మంచం మీద కొత్త దుప్పటి పరుస్తోంది. మూలలు మడిచి పరుపు కిందికి తోసి, అరచేత్తో ఒక్కసారి రాసింది. ఎవరూ పడుకోనట్టే ఉంది.

మడత బాగా కుదిరింది. నేర్పింది నేనే.